వెన్నరంగు వార్డు

మార్చి 3, సోమవారం

ప్రసూతి ఆసుపత్రికి రంగులేసే పని మాకే ఖాయమైంది. బాలింతల వార్డు. పన్నెండు మంచాలు, పక్కన పన్నెండు తొట్లు, తూర్పు వైపు వరండాలోకి తెరుచుకునే తలుపు, నాలుగు కిటికీలు. ఇప్పుడున్నది నడుం ఎత్తు దాకా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, ఆ పైన ఒకప్పుడు తెలుపైన ఏదో. లోపలికి అడుగుపెడితే చాలు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళకి కూడా ఎవరికో క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తుంది.

ఖాళీ మంచం మీద పడుకుని చూశాను. వార్డుని నడిపే పెద్ద సిస్టర్ నవ్వింది.

"ఏంటి మేడం, మీరూ కంటారా?"

"యాభై తొమ్మిదేళ్ళకి ఆ ముచ్చట ఒక్కటే తక్కువైంది," అన్నాను.

కానీ పడుకోకుండా ఆ గది అర్థం కాదు. నిలబడి తిరిగేవాళ్ళకి గది అంటే గోడలు. పడుకున్నవాళ్ళకి కప్పు, కప్పు కిందున్న మూడడుగులు. బాలింతకి లోకమంతా ఆ మూడడుగులే.

పెద్ద సిస్టర్ ఒక మాట గట్టిగా చెప్పింది. "గోడ రంగు పిల్లల మీద పడకూడదు. ఒంటి రంగు చూసే సగం జబ్బులు పట్టుకుంటాం మేము." తెలుసన్నాను. ముప్ఫై ఏళ్ళుగా రంగులతో కాపురం చేస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా.

తెలుపే వేస్తాను. అందులో పడీ పడనట్టు వెన్న ఛాయ. ఆసుపత్రి తెలుపు కాదు, ఇంటి తెలుపు.

మార్చి 6, గురువారం

ఆయన బయటికెళ్ళి వచ్చి, బూట్లు విప్పి రెండు పాదాలూ నా ముందు పెట్టారు. ఒక మేజోడు నలుపు, ఇంకోటి ముదురు నీలం. పొద్దున జత చేసి ఇచ్చింది నేనే.

"రెండు కాళ్ళూ చెరో పార్టీలో చేరాయి," అన్నారు. లెక్కల మాస్టారిగా రిటైరై నాలుగేళ్ళయినా చలోక్తులకి రిటైర్మెంటు లేదు.

బీరువా దగ్గర బల్బు మార్చమన్నాను. ఈ కొత్త బల్బుల కింద ఏ రంగూ సరిగ్గా తెలియదు.

మార్చి 10, సోమవారం

షేడ్ కార్డుల మీద రంగుల దుకాణం అతనితో గొడవ. తెలుపుల పేజీలో ఆరు ఛాయలకి ఆరూ ఒకేలా ఉన్నాయి. అచ్చు పాడైందన్నాను. అతను కార్డు వంకా నా వంకా చూసి, "పాత కార్డేమో మేడం," అని ఇంకోటి ఇచ్చాడు. అదీ అంతే. ఈ మధ్య కంపెనీలు అచ్చు మీద శ్రద్ధ పెట్టడం లేదు.

సాయంత్రం మా రంగుల మేస్త్రి వచ్చాడు. మూడు వారాలు సెలవు కావాలన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో మూడు రోజులకి మించి అడిగిన మనిషి కాదు. అతని కూతురు చిట్టికి ఎనిమిదో నెల, బీపీ ఎక్కువగా ఉందట, కదలకూడదన్నారట. తల్లి లేని పిల్ల. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం. వేరే ఊరెళ్ళి కూతురి దగ్గర ఉండి, నెలలు నిండేవేళకి ఇక్కడికి తీసుకొస్తానన్నాడు.

"తీసుకురా. మన ఆసుపత్రిలోనే చేర్పిద్దాం. పెద్ద సిస్టర్‌తో నేను చెప్తాను. మనం రంగు వేసిన గదిలోనే నీ మనవడో మనవరాలో మొదటి నిద్ర పోతారు," అన్నాను.

అతను వెళ్ళబోయి ఆగాడు.

"అమ్మా, ఆ వార్డు పని నేనొచ్చేదాకా ఆపుదామా?"

"ఆపితే వాళ్ళు ఊరుకుంటారా?"

"పోనీ రంగు కలిపే రోజుకి ఒక్కసారి వచ్చి పోతాను."

"కూతురి దగ్గరుండు మేస్త్రీ. నీ తమ్ముడున్నాడుగా, నేనున్నానుగా."

గుమ్మం దగ్గర మళ్ళీ ఆగాడు. "తమ్ముడు కూడా రంగు బాగానే చూస్తాడమ్మా. కలిపేటప్పుడు వాణ్ణి ఒక మాట అడగండి."

మేస్త్రి అలవాటు నాకు తెలుసు. ఏ రంగు కలిపినా అట్టముక్క మీద పూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పగటి వెలుతుర్లో ఇటూ అటూ వంచి చూడందే ఒప్పుకోడు. మంచి అలవాటే. కానీ నేను రంగు చూసేటప్పుడు పక్కన ఇంకొకర్ని అడగాలా?

మార్చి 17, సోమవారం

రంగు కలిపాం. మేస్త్రి తమ్ముడు అన్నలాంటివాడు కాదు, చెప్పింది చేసేస్తాడు. తెలుపు డబ్బాలో ఛాయ కలిపే స్టెయినర్, పసుపుది, రెండు మూతలు పోయించాను. ఏమీ తెలియలేదు. గోడ గోడలాగే ఉంది, జీవం రాలేదు. ఇంకో రెండు. ఇంకొకటి. వెచ్చదనం అప్పుడే కంటికి ఆనుతున్నట్టుంది. ఇంకో రెండు పొయ్యమన్నాను.

"ఇంకా వెయ్యాలా అమ్మా?"

"వెయ్యి."

"పచ్చబడిందేమో..."

"ఆరాక తేలిపోతుందిలే."

మొత్తం ఏడు మూతలు. అప్పుడు కనిపించింది నా వెన్న.

మార్చి 24, సోమవారం

వార్డు పూర్తయింది. కిటికీల్లోంచి వచ్చిన వెలుతురు గోడకి తగిలి మెత్తబడి మంచాల మీదికి జారుతోంది. ఒక మంచం మీద కాసేపు కూర్చున్నాను. ఇలాంటి గదిలో కని ఉంటే నేను కూడా ఇంకొకరిని కనేదాన్నేమో.

పెద్ద సిస్టర్ చుట్టూ చూసి, "పసుపు వేశారా మేడం!" అంది.

"వెన్న," అన్నాను.

"ఊఁ. బాగుంది. ఎండ కాసినట్టుంది." ఇంకేదో అనబోయి ఆగింది. నేను అడగలేదు.

మార్చి 26, బుధవారం

లిఫ్టు నడిపేవాడు కూడా అన్నాడు, "పసుపు వార్డుకేనా అమ్మా?" అని. జనానికి తెలుపు తప్ప మిగిలిందంతా పసుపే.

మార్చి 31, సోమవారం

చిట్టిని తీసుకొచ్చి చేర్చారు. కాన్పు కావాల్సినవాళ్ళ గది కింది అంతస్తులో. నన్ను చూడగానే "పెద్దమ్మా" అని చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఉబ్బి ఉంది. నా చేతుల్లో పెరిగిన పిల్ల. సైట్‌లో డబ్బాల మూతల మీద కూర్చుని అక్షరాలు నేర్చుకుంది.

ఏప్రిల్ 5, శనివారం

ఆడపిల్ల! పొద్దున పదకొండుకి. రెండు కిలోల మూడు వందలు. కాస్త ముందొచ్చింది కానీ గొంతు మాత్రం నిండు నెలలదే. పైకి, మా వార్డుకి మార్చారు. మగవాళ్ళని లోపలికి రానివ్వరు. తలుపు సందులోంచి ఎత్తి చూపిస్తే మేస్త్రి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తడికళ్ళకి నా గోడలు కనిపించి ఉండవు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇవాళ ఇంటికి పంపే రోజు. సామాను మొయ్యాలి కదా అని మేస్త్రిని వార్డులోకి రానిచ్చారు. నేను చిట్టి బట్టలు సంచిలో సర్దుతున్నాను. అతను గుమ్మంలో ఆగిపోయాడు. గోడల్ని చూశాడు, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేరుగా మంచం దగ్గరికి వచ్చాడు. "చిట్టీ, పాపని ఇటివ్వు."

పాపని తీసుకుని మంచాల మధ్యలోంచి నడుచుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. "ఏమయ్యా, పిల్లనెక్కడికి?" అని పెద్ద సిస్టర్ కేకేసింది. నేను వెనకే వెళ్ళాను.

వరండాలో వెలుతురు పాప మీద పడేలా తిరిగి నిలబడ్డాడు. ఇటు వంచాడు, అటు వంచాడు. పాప చొక్కా తప్పించి గుండె మీద బొటనవేలితో మెల్లగా నొక్కి వదిలాడు.

"అమ్మా, పాప పచ్చగా ఉంది."

చూశాను. నాకేమీ కనిపించలేదు. పసిపిల్ల పసిపిల్లలాగే ఉంది.

"ఎండ పడి అలా అనిపిస్తోందిలే మేస్త్రీ," అన్నాను.

నేనే అన్నాను ఆ మాట.

పెద్ద సిస్టర్ వచ్చి చూసింది. ముక్కు మీద, గుండె మీద, పొట్ట మీద, చివరికి అరికాలి మీద నొక్కి నొక్కి చూసింది. కనురెప్ప ఎత్తింది. ఆమె ముఖం మారిపోయింది. "లోపల అందరూ ఇలాగే కనిపిస్తున్నారు," అని తనలో తను అనుకున్నట్టు అని, పాపని తీసుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది.

కామెర్లు. చాలా ఎక్కువగా ఉన్నాయట. ఇంటికెళ్ళి ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే మెదడుకి ఎక్కేవని పిల్లల డాక్టరు చెప్పాడు. చెప్పి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

గది అంతా పసుపు. ఆ గదిలో పచ్చబడిన పిల్ల ఎవరికి కనిపిస్తుంది?

ఏప్రిల్ 9, బుధవారం

పాపని లైటు కింద పెట్టారు. కళ్ళకి గంతలు, ఒంటి మీద గుడ్డ లేదు. అద్దంలోంచి చూస్తున్నాను. నర్సు వచ్చి, "ఆ నీలం లైటు వంక సూటిగా చూడకండి, కళ్ళు జిగేలుమంటాయి," అంది.

పక్కన నిలబడ్డవాళ్ళంతా కళ్ళు చికిలించుకుంటున్నారు. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. నాకు జిగేలుమనలేదు. నీలం ఉంది. కానీ పదిసార్లు ఉతికిన దుప్పటిలా ఉంది.

ఒక కన్ను మూసి చూశాను. రెండోది మూసి చూశాను.

బల్బులది కాదు తప్పు.

ఏప్రిల్ 10, గురువారం

లైటు గది బయట బల్ల మీద మేస్త్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి మేస్త్రీ?"

ఏమిటని అడగలేదు. తన చెప్పులకేసి చూశాడు.

"పళ్ళ డాక్టరుగారి గది నుంచి."

అంటే, ఆ గదికి మేం రంగేసి రెండేళ్ళ పైమాట.

"ఏం చేశావు?"

"మీరు వెళ్ళాక మళ్ళీ కలిపాను."

"అదొక్కటేనా?"

గోళ్ళకి అంటిన రంగు గీక్కున్నాడు.

"మేస్త్రీ!"

"అన్నీ అమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? రంగంటే మీరే. మీ కంటికి రంగు తెలియడం లేదని నేను మీకు చెప్పాలా? చెప్తే పని మానేసి ఇంట్లో కూర్చుంటారనుకున్నా." తలెత్తి నన్ను చూశాడు. "ఎప్పుడూ మీరు చెప్పినట్టే వేశానమ్మా. మీరు చెప్పింది ఒక్కటీ మార్చలేదు."

"అబద్ధం చెప్పకు. అన్నీ మార్చానని ఇప్పుడే అన్నావు."

"ఆ రోజే చెప్పుంటే మీరు అప్పుడే కళ్ళు చూపించుకునేవారు. ఈ గోడలిలా ఉండేవి కావు. నేను దాచాను. దానికి నా మనవరాలు..."

అంత మనిషి కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. లేచి వచ్చేశాను. ఇలా చేశానని రాయకుండా ఉండాలనుకున్నాను. రాశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

రాయను.

ఏప్రిల్ 12, శనివారం

పళ్ళ డాక్టరు గది: లోపలికి రాగానే సగం భయం పోతోందని అందరూ అన్నారట. ఆ పొగమంచు నీలం నాది కాదు.

వకీలు పుస్తకాల గది: మాగిన ఇటుక రంగు. "ఇందులో కూర్చుంటే నా గొంతు నాకే నచ్చుతోంది," అన్నాడు. నాది కాదు.

మా చెల్లెలి పడకగది. మరిది పోయాక ఆ గదిలో పడుకోలేకపోయేది, హాల్లో కుర్చీలో కునికేది. నేను రంగు మార్పించాను. వారం తర్వాత ఫోను చేసి, అక్కా, రాత్రంతా నిద్రపోయానే అంది. ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అది పట్టుకోవాల్సింది నా చేతులేనా?

ఏప్రిల్ 13, ఆదివారం

ఆయనతో చెప్పాను. విన్నారు. ఆశ్చర్యపోలేదు.

"మీకూ తెలుసా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"ఆకాశం ఇదివరకులా లేదు, దుమ్ము పెరిగిపోయింది అన్నావు చూడు. ఆ రోజు దుమ్ము లేదు."

"మరి చెప్పరేం?"

"చెప్పాను. నాలుగుసార్లు. చెప్పిన ప్రతిసారీ బల్బు మార్చమన్నావు. మార్చాను. నాలుగు బల్బులు."

బీరువా తెరిచి మేజోళ్ళు తెచ్చి ఒళ్ళో పోశారు. నీలం జతలన్నిటికీ అంచున ఎర్రదారంతో చిన్న కుట్టు. కుట్టు అంటే కుట్టు కాదు, కోడి గీకినట్టుంది. ఎప్పుడు కూర్చుని కుట్టారో. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మనిషి.

"నాకేం భయమంటే," అన్నారు, "నువ్వు రంగు గురించి మాట్లాడ్డం మానేస్తావేమోనని. పెళ్ళైనప్పట్నుంచి విన్నది అదే. అది లేకపోతే ఇంట్లో రేడియో ఆపేసినట్టుంటుంది."

ఏడవాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఏప్రిల్ 14, సోమవారం

పాపకి కామెర్లు దిగాయి. లైటు తీసేశారు.

ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళడానికి మెట్లెక్కి, రెండుసార్లు దిగి, మళ్ళీ ఎక్కాను. చిట్టికి అంతా తెలిసిపోయింది, వాళ్ళ నాన్న చెప్పేశాడు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన నిలబడ్డాను. జారిన దుప్పటి సర్దాను. ఇటు తిరిగింది.

"పెద్దమ్మా, నాకు చాలా కోపంగా ఉంది. ఇప్పుడప్పుడే పోయేలా లేదు."

"పోనక్కర్లేదు తల్లీ."

"సరే. పోయేలోపు కాస్త పాపని పట్టుకోండి, చెయ్యి పీకేస్తోంది."

గంటన్నర పట్టుకున్నాను. నా వేలు పిడికిట్లో బిగించి నిద్రపోయింది. ఈ పిడికిలి ఏ రంగులో ఉందో నాకు సరిగ్గా తెలియదు కదా అనుకున్నాను. మొదటిసారి ఆ సంగతి దాచుకోకుండా అనుకున్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

కళ్ళ డాక్టరమ్మ. రెండు కళ్ళలోనూ శుక్లాలు. తెల్లగా కమ్ముకునే రకం కాదట, లోపలి కటకమే ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా పసుపెక్కిపోయే రకం.

"టీ రంగు కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతున్నారనుకోండి. అవి తియ్యడానికి రావు. అలవాటైపోయి, లోకమే అలా ఉందనుకుంటారు," అంది. "మీరేం చేస్తుంటారు?"

చెప్పాను. ఆవిడ పెన్ను ఆగిపోయింది. నా భుజం తట్టింది.

ఆపరేషన్ 28న. ముందు కుడి కన్ను.

ఏప్రిల్ 17, గురువారం

ఆసుపత్రి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆయన తోడొస్తానన్నారు, వద్దని నేనొక్కదాన్నే వెళ్ళాను. పెద్ద సిస్టర్ కూడా ఉంది. ఆ గోడలకి నా కళ్ళు తప్పు చెప్పాయని, మళ్ళీ వేయిస్తానని, ఇకముందు నాకు పని ఇవ్వకపోయినా నోరెత్తనని చెప్పాను.

"వేయించండి," అన్నాడు పెద్ద డాక్టరు. "ఈసారి మీ కళ్ళతో మాత్రం కాదు."

న్యాయమే.

బయటికొచ్చాక పెద్ద సిస్టర్ కారిడార్‌లో నన్ను ఆపింది.

"మేడం, ఆ మొదటి రోజే నాకు అనిపించింది. పసుపు ఎక్కువైంది, పిల్లల ఒళ్ళు తెలియదు అని. పెద్ద పేరున్నావిడ, ఆలోచించే వేసుంటుంది కదా అనుకుని నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. కనీసం పిల్లల్ని బయటికి తెచ్చి చూడాల్సింది."

ఎంతమంది నాకు చెప్పకుండా ఊరుకున్నారో లెక్కేస్తే, అందరూ నా మీద గౌరవం ఉన్నవాళ్ళే. ఇంత గౌరవం వచ్చేలా నేను ఎలా బతికానో ఆలోచించాలి. ఎవరైనా ఒక మాట అంటే నేనేం చేసేదాన్ని? దుకాణం అతను నా వంక వింతగా చూశాడు. మేస్త్రి తమ్ముడు అన్నాడు. ఆయన నాలుగుసార్లు అన్నారు.

ఏప్రిల్ 29, మంగళవారం

కట్టు విప్పారు.

నీలం!

డాక్టరమ్మ వేసుకున్న గౌను, కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు, నర్సు చేతి మీద పెన్ను గీత. ఒక్కొక్కటీ అరుస్తున్నట్టుంది. ఎడమ కన్ను మూస్తే ఇప్పుడే కడిగిన లోకం. కుడి కన్ను మూస్తే అదే లోకం మీద టీ ఒలికింది. దారంతా కారులో కన్ను మార్చి కన్ను మూసుకుంటూ వచ్చాను. పక్క కారువాడు నేను కన్ను కొడుతున్నాననుకుని తల తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి ఆయన్ని వెలుతుర్లో నిలబెట్టి చూశాను.

"మీ జుట్టు ఇంత తెల్లబడిపోయిందా!"

"నీకు చూపించకుండా ఎన్నాళ్ళు దాచానో," అన్నారు.

మే 3, శనివారం

చెల్లెలింటికి వెళ్ళాను. ఎందుకొచ్చానో చెప్పలేదు. పడకగదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, మంచం మీద పడుకున్నాను. ఎడమ కన్ను మూశాను.

ఆ రోజు ఈ గదిలో నేను మేస్త్రికి చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "తెల్లవారబోయే ముందు, ఇంకా ఎవరూ లేవకముందు ఆకాశం ఉంటుంది చూడు. నీలమూ కాదు, బూడిదా కాదు. ఎవరో పక్కన ఉన్నట్టుంటుంది, కానీ మాట్లాడరు. అలా ఉండాలి." అలా చెప్పి, రంగు కలిపి ఇచ్చి వచ్చేశాను. నేను కలిపింది ఏ బురద రంగో దేవుడికే తెలియాలి.

గోడ మీద ఉన్నది తెల్లవారబోయే ముందు ఆకాశం. నీలమూ కాదు, బూడిదా కాదు. నేను చెప్పిందే. నా డబ్బాలో ఉన్నది పారబోసి, నా నోట్లో ఉన్నది గోడకి పూశాడు. మీరు చెప్పింది ఒక్కటీ మార్చలేదమ్మా అన్నాడు, నేను అబద్ధమన్నాను.

చెల్లెలు తలుపు తీసి, "అక్కా, ఏడుస్తున్నావా? కంటికి మంచిది కాదే!" అని కంగారు పడింది.

సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఇరవై ఎనిమిదేళ్ళలో అతని ఇంటికి వెళ్ళడం ఐదోసారో ఆరోసారో. ఎప్పుడూ అతనే వచ్చేవాడు. వాకిట్లో పాప గుడ్డలు ఆరేస్తున్నాడు. నన్ను చూసి చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయాడు.

"చెల్లెలి గది చూసొచ్చాను."

గుడ్డ తీగ మీద వేశాడు.

"నిన్ను అబద్ధాలకోరన్నాను. తప్పు నాది."

"అయ్యో, ఊరుకోండమ్మా."

"ఊరుకోను. ఇంకోమాట. నాకు తెలియకుండా నన్ను ఇంకెప్పుడూ కాపాడకు. బాగోలేకపోతే బాగోలేదని మొహం మీద చెప్పు."

తలూపాడు. ఆ తలూపడం చూస్తే నమ్మకం కలగలేదు. లోపల్నుంచి చిట్టి, "నాన్నా, పెద్దమ్మని వాకిట్లోనే నిలబెట్టావా?" అని కేకేసింది. కోపం ఇంకా కాస్త ఉన్నట్టే ఉంది గొంతులో. లోపలికి వెళ్ళాను.

మే 12, సోమవారం

వార్డు ఖాళీ చేసి ఇచ్చారు. ఈసారి ఐదు చెక్కల మీద ఐదు తెలుపులు పూసి, ఒక్కొక్కటి ఒక్కో తొట్టి వెనక నిలబెట్టాం. పొద్దున, మధ్యాహ్నం, కిటికీలు మూసి లైట్ల కింద, మూడు వేళల్లోనూ పెద్ద సిస్టర్ తన అరచెయ్యి అక్కడ పెట్టి చూసుకుంది.

నాకు మూడో చెక్క నచ్చింది. తెలుపులో ఒక చుక్క నీలం. ఎంత శుభ్రంగా ఉందో! కొత్త కన్ను దాన్ని వదలడం లేదు.

"ఇదే," అన్నాను.

మేస్త్రి చెక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వంచి చూశాడు. తెచ్చి గోడకి ఆనించాడు. చేతులు తుడుచుకున్నాడు. తల గోక్కున్నాడు.

"బాగోలేదమ్మా."

అని, అన్నది తనేనా అన్నట్టు వెనక్కి చూసుకున్నాడు.

"ఏం, ఎందుకు బాగోలేదు?" నా గొంతు లేచింది. లేచిందని నాకే తెలిసింది.

"చలిగా ఉంది. పచ్చి బాలింత పడుకునే చోటు. మీకు ఇప్పుడు ఏ నీలం చూసినా ముద్దొస్తోంది అంతే."

"నీలం పడితే పిల్ల ఊపిరాడక నీలబడిందేమో అని నా గుండె ఆగుతుంది," అని పెద్ద సిస్టర్ వంత పాడింది.

అరగంట వాదించుకున్నాం. ఇన్నేళ్ళలో మేస్త్రితో ఇంతసేపు వాదించింది లేదు. మనిషికి ఇన్ని అభిప్రాయాలున్నాయని నాకు తెలియదు. తలుపుల గురించి, కర్టెన్ల గురించి, నేను పదేళ్ళ కిందట వేయించిన ఒక మెట్లదారి గురించి కూడా చెప్పాడు. అది అప్పట్నుంచీ అతనికి నచ్చలేదట!

చివరికి గోడలకి ఐదో చెక్క. ఏ వైపూ మొగ్గని తెలుపు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. రంగు మీద నాకున్న మోజంతా వరండాకి మళ్ళించాం. అక్కడ తల్లులు కాళ్ళు చాపుకుని కూర్చునే వైపు గోడకి మాగిన ఇటుక రంగు. కలిపింది మేస్త్రి. చెప్పింది నేను. ఈసారి ఇద్దరం ఒకే డబ్బా మీదికి వంగి చూసుకుంటూ.

మే 19, సోమవారం

పొద్దున వార్డు తెరిచారు. మేస్త్రీ నేనూ గుమ్మం దగ్గర పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా నిలబడ్డాం. చక్రాల మంచం మీద మొదటి బాలింతని తోసుకొచ్చారు. ఇరవై మూడేళ్ళుంటాయేమో, చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. తొట్టి పక్కనే పెట్టారు. పెద్ద సిస్టర్ పాపాయి గుండె మీద వేలితో నొక్కి, వదిలి, మావైపు చూసి తలూపింది. ఆ తెలుపు ముందు పాపాయి లేత ఎరుపు ఎంత స్పష్టంగా ఉందో. ఎడమ కంటికి కూడా తెలిసింది.

ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఏమ్మా, గది రంగు ఎలా ఉంది?"

ఆ అమ్మాయి తలెత్తి, నేను వేరే భాషలో మాట్లాడినట్టు చూసింది.

"రంగా? ఏ రంగండీ?"

అని మళ్ళీ తొట్టిలోకి వంగి, బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసుకోవడంలో పడిపోయింది.

మేస్త్రి గోడవైపు తిరిగాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు ముందు ఏడుస్తున్నాడేమోననిపించింది. కాదు, నవ్వు. దాంతో నేనూ ఆపుకోలేకపోయాను. పిల్లలు లేస్తారని పెద్ద సిస్టర్ మా ఇద్దర్నీ వార్డులోంచి వెళ్ళగొట్టింది.